తడిగుడ్డ

"దొరికారు!"

శ్రీకాంత్ కేకకి, హాల్లో మోకాళ్ల మీద కూర్చున్న లాల్ ఉలిక్కిపడ్డాడు. చేతిలోని గుడ్డలోంచి నీళ్లు టపటపా బకెట్లోకి కారాయి.

బ్యాంకు ఉద్యోగానికి బయల్దేరిన శ్రీకాంత్, బీరువా తాళాలు మర్చిపోయి వెనక్కి రాకపోతే ఈ దృశ్యం కంటపడేదే కాదు.

"నా ఇంట్లో మీకేం పని లాల్ గారూ?"

మేడ మీద అద్దెకుంటున్న లాల్ ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరైన మనిషి. ఏ మాటకైనా జోకు సిద్ధంగా ఉంచుకునేవాడు. ఇప్పుడు బకెట్‌ని వెనక్కి జరిపాడు.

శ్రీకాంత్ వంగి టేకు పలక మీద చెయ్యి పెట్టాడు. తడి. పలకల అంచులు అప్పడాల్లా పైకి లేచాయి.

సముద్రపు గాలి కొట్టే మచిలీపట్నంలో ఇంటికి చెక్క నేలేమిటని అందరూ నవ్వారు. వానల్లో ఉబ్బుతుంది, ఎండల్లో బీటలు తీస్తుంది అని వడ్రంగే చెప్పాడు. శ్రీకాంత్ వినలేదు. తల్లి లలితాంబ పాలరాయి మీద జారి మోకాలు విరగ్గొట్టుకుంది. అందుకే చెక్క వేయించాడు.

వేయించాక మాత్రం తల్లి మోకాలి కంటే నేలనే ఎక్కువ చూసుకున్నాడు. కుర్చీల కాళ్లకి మేజోళ్లు తొడిగాడు. పొడిగుడ్డ తప్ప తడిగుడ్డ ఆననివ్వలేదు.

"చుక్క నీరు పోసినవాళ్లు గుడివాడ బస్సెక్కాల్సిందే" అన్నాడు నేల వేయించిన రోజే. గుడివాడలో అతని అక్క ఉంది. అక్కకీ తల్లికీ క్షణం పడదు.

"నాకు గుడివాడలో ఎవరూ లేరండోయ్!" అని భార్య శ్రీలలిత నవ్వింది.

లలితాంబ నవ్వలేదు.

"మీ బాత్రూమ్ లీకవుతోంది. మా అమ్మ కళ్లుగప్పి వచ్చి తుడిచేస్తున్నారు. అంతేనా?" శ్రీకాంత్ గొంతు వీధిలోకి వినిపించింది.

లాల్ పూజగది వైపు చూశాడు. గుమ్మం పట్టుకుని లలితాంబ నిలబడి ఉంది. చేతిలో అగ్గిపెట్టె.

"చెప్పండి!"

"అవును బాబూ" అన్నాడు లాల్ నెమ్మదిగా. "మా బాత్రూమే."

"ఎన్నాళ్ల నుంచి?"

"నేలేసిన దగ్గర్నుంచీ."

శ్రీకాంత్ గుడ్డ లాక్కుని విదిలించాడు. గుడ్డంతా పచ్చటి మరకలు.

"చూడమ్మా, పైపు తుప్పంతా మన నేల మీదికే!"

లలితాంబ తల తిప్పుకుంది.

"నెలాఖరుకి ఖాళీ చెయ్యండి."

లాల్ చేతులు జోడించాడు. "మా ఆవిడ ఫాతిమాకి డయాలసిస్ బాబూ. ఆస్పత్రి పక్కవీధేనని కదా ఇక్కడ చేరాం. ఈ చుట్టుపక్కల మాకు ఇల్లెవరిస్తారు?"

"ఆ ఆలోచన నా నేల నాశనం చేసేముందు ఉండాల్సింది."

ఆ సాయంత్రం స్కూలు నుంచి వచ్చిన శ్రీలలిత పైకి చూసి అడిగింది. "సీలింగ్ పొడిగానే ఉందేమండీ?"

"గోడలోంచి దిగుతుంది. నీకు తెలీదు."

నెలాఖరుకి సామాను ట్రాలీ ఆటో ఎక్కింది. ముందు సీట్లో ఫాతిమా, కొంగు చాటున సూదులు పొడిచిన చెయ్యి దాచుకుని కూర్చుంది. కృత్తివెన్నులో లాల్ తమ్ముడింటికి ప్రయాణం. అక్కణ్ణుంచి ఆస్పత్రికి రావాలంటే బస్సే దిక్కు.

"బస్సులు నాకు కొత్తా అమ్మగారూ! కాకపోతే ఇప్పుడు వెనక సీటు" అని లలితాంబ వైపు చూసి నవ్వాడు లాల్. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇకమీదట జాగ్రత్త. నేల జారుతుంది."

"చేసేదంతా చేసి జాగ్రత్తలు చెబుతున్నాడు!" అని శ్రీకాంత్ గేటు వేసేశాడు.

మేడకి తాళం పడింది. ఇక నేల బాగుపడాలి.

పడలేదు. ఇంకా పాడైంది. కార్తీకం వచ్చేసరికి పలకలు ఎంత లేచాయంటే పూజగది తలుపు మూసుకోవడం మానేసింది.

ఆ శుక్రవారం సెలవు పెట్టి మరీ ప్లంబర్ దేవదానాన్ని పిలిపించాడు శ్రీకాంత్. దేవదానం మేడంతా వెతికి దిగివచ్చాడు.

"పైన బాత్రూమ్ ఎండిపోయి ఉందండీ. పైపులో ఏ లోపమూ లేదు. ఎప్పుడూ కారిన గుర్తే లేదు."

"మరి లాల్ ఎందుకొప్పుకున్నాడయ్యా? ఉండు, ఇప్పుడే ఫోన్ చేసి కడిగేస్తా."

"ఇవాళొద్దు సార్."

"ఏం?"

"నిన్న ఫాతిమా గారు పోయారు. డయాలసిస్‌కి వస్తూ పెడన చేరకుండానే. బస్సులోనే, ఆయన ఒళ్లో."

పూజగదిలో చెంబు ఖంగుమంది.

శ్రీకాంత్ పరుగెత్తాడు. లలితాంబ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆమె చేతిలోంచి జారిన చెంబులోని పసుపు నీళ్లు పలకల సందుల్లోకి పాకుతున్నాయి.

ఆ పచ్చరంగు ఎక్కడ చూశాడో శ్రీకాంత్‌కి గుర్తొచ్చింది. లాల్ చేతిలోంచి లాక్కున్న గుడ్డ మీద.

"అమ్మా... ఎవరు చేశారమ్మా ఇదంతా?"

లలితాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్లీ తీసేసింది.

"గుడివాడ పంపేస్తావని నోరెత్తలేదురా. శుక్రవారం నేల కడక్కుండా దీపం పెట్టలేక నీళ్లు పోసింది నేను. నేను వంగలేనని తుడిచింది ఆయన."