నలభై మూడు వేల పేజీల నోట్సు

ఇప్పుడు మా ఊళ్లో అందరి చెవిలోనూ నోట్సు రాసే మిషనుంది, చేత్తో ఎవరూ రాయరు. మా అక్క కాదంబరి నర్సింగు పాఠాలన్నీ అదే రాసింది. నలభై మూడు వేల పేజీలు, సారు తుమ్ములతో సహా. రేపే పరీక్ష. ఈసారి కూడా తప్పితే సీటు పోతుంది.

అమ్మమ్మ ఆ మిషను పీకేసి, పెట్టెలోంచి కాగితం, పెన్సిలు తీసిచ్చింది. "గుండె గురించి నీకేం తెలుసో నీ మాటల్లో రాయవే. రానిది పక్కన ప్రశ్నగా రాసుకుని, అదొక్కటే వెతుక్కో."

అక్క చేత్తో రాస్తోందని తెలిసి వీధంతా చెప్పులు విప్పి లోపలికొచ్చింది. సాయంత్రానికి ఒక్క పేజీ అయింది. అక్క దాన్ని బోర్లించి, గుండె సంగతంతా గడగడా చెప్పేసింది.

"ఎక్కడ చూసి చదువుతున్నావే?" అంది పక్కింటి పిన్ని.

"చూడట్లేదు పిన్నీ, గుర్తుంది."

పిన్ని రెండడుగులు వెనక్కేసి దణ్ణం పెట్టింది.