నడుము మీది మచ్చ

జ్వరంతో, గుండెనొప్పితో రొప్పుతున్న జ్యోతిని నరసరావుపేట ఆసుపత్రిలో చేర్చారు. ఈసీజీ చూసి గుండెజబ్బే అన్నారు.

చీర మారుస్తుంటే కూతురి నడుము మీద నల్లగా మాడిన గుండ్రటి మచ్చ నాంచారమ్మ కంటబడింది.

“ఏందే ఇది?”

“తెలవదమ్మా. నొప్పి కూడా లేదు.”

మొగుణ్ణి వెనకేసుకొస్తోంది అనుకుంది నాంచారమ్మ. మంచం పక్కన నిలబడ్డ అల్లుడి జేబులో బీడీకట్ట కనిపిస్తూనే ఉంది.

డాక్టరమ్మ రాగానే కూతురి కొంగు తొలగించి చూపించింది.

“జబ్బూ లేదు, గిబ్బూ లేదు తల్లీ. ఈడు పెట్టే బాధకే దాని గుండె ఇట్టయింది. బీడీతో కాల్చాడు, చూడండి!”

“నేను కాదండీ, అమ్మతోడు!” అన్నాడు అల్లుడు.

డాక్టరమ్మ వంగి మచ్చను పరీక్షగా చూసింది.

“మిరప చేలో గడ్డిమీద కూర్చున్నావా?”

జ్యోతి తలూపింది.

“ఇది కాలింది కాదు, చిన్న పురుగు కుట్టింది. స్క్రబ్ టైఫస్ జ్వరం. అదే గుండెకు తగిలింది. మందు పడితే తగ్గుతుంది. మంచిపని చేశావు పెద్దమ్మా, నువ్వు చూపించకపోతే మాకు తెలిసేది కాదు.”

నాంచారమ్మ అల్లుడి చేతులు పట్టుకుంది.

“తప్పయిపోయింది నాయనా.”

ఇంకెక్కడైనా కుట్టిందేమోనని డాక్టరమ్మ జ్యోతిని పక్కకు తిప్పి రవిక పైకి జరిపింది. వీపు మీది గుండ్రటి మచ్చల్ని ఒక్కొక్కటే వేలితో తడిమి చూసింది.

“ఇవి పాత మచ్చలు. ఇవి మాత్రం కాల్చినవే.”

అల్లుడు ఈసారి ఒట్టు పెట్టుకోలేదు.