ఆ బంట్రోతు పేరు

"అబద్ధమండి! మా నాన్న అబద్ధం చెప్తున్నాడు!"

వీరవేణి గొంతు బంగళా వసారా అంతా వినిపించింది. బయట చెట్ల కింద తమ వంతు కోసం కూర్చున్న రైతులు లేచి నిలబడ్డారు.

అది 1855 వేసవి. శిస్తు వసూలు పేరుతో సర్కారు నౌకర్లు జనాన్ని హింసిస్తున్నారన్న ఫిర్యాదులు వినడానికి చెన్నపట్నం నుంచి వచ్చిన దొర రాజమండ్రిలో మకాం వేసి మూడు రోజులైంది. మధ్యాహ్నానికి ఆయన పడవ బయలుదేరుతుంది. గుమాస్తాలు అప్పుడే కాగితాలు పెట్టెల్లో సర్దుతున్నారు.

దొర ఎదుట నిలబడ్డ బుల్లియ్యది కడియం దగ్గర పల్లె. రెండు చేతులూ పైగుడ్డలో దాచుకున్నాడు. తెల్లవారుతూనే కూతురు లాక్కొస్తే దారంతా ఎదురు చెప్పకుండా నడిచి వచ్చాడు. తీరా ఇక్కడికొచ్చాక మాట మార్చేశాడు.

"బండి చక్రం కింద పడి వేళ్ళు నలిగాయండి. నన్నెవరూ ఏమీ చెయ్యలేదండి."

"మాకసలు బండే లేదండి!" అంది వీరవేణి.

మిషను బడి పంతులు జ్ఞానప్రకాశం ఇద్దరి మాటలూ దొరకు ఇంగ్లీషులో వినిపించాడు. దొర ప్రశ్నలు మళ్ళీ పంతులు నోట తెలుగులో వచ్చాయి.

"నువ్వు కళ్ళారా చూశావా అమ్మా?"

"చూశానండి. శిస్తు కట్టలేకపోయాడని నాన్నని తాసీల్దారు కచేరీలో రెండు రోజులు ఎండలో నిలబెట్టారు. గంజి పట్టుకెళ్ళాను. అప్పటికి లోపలికి తీసుకుపోయారు. కిటికీలోంచి చూశాను. రెండు కర్రల మధ్య వేళ్ళు పెట్టించారండి. తాసీల్దారుగారు 'ఇంకా' అన్నప్పుడల్లా బంట్రోతు బిగించాడు. మొహం పక్కకి తిప్పుకున్నాడు గాని, చెయ్యి మాత్రం ఆపలేదు."

"మీ నాన్న కేకలు వెయ్యలేదా?"

"లేదండి. పళ్ళు బిగబట్టి ఆ బంట్రోతునే చూస్తూ ఉండిపోయాడు."

"ఊరుకోవే తల్లీ," అన్నాడు బుల్లియ్య. "ఇంటికి పోదాం. నీకు దణ్ణం పెడతాను." నిజంగానే దణ్ణం పెట్టబోయాడు. పైగుడ్డ జారిపోయింది. వంకర్లు తిరిగిన వేళ్ళు ఒకదానితో ఒకటి కలవలేదు.

దొర ఆ చేతుల వంక చాలాసేపు చూశాడు. తర్వాత గడియారం చూసుకున్నాడు.

"నువ్వు ముందు పంపిన అర్జీకి జవాబుగా, ఆ రోజు తాను కచేరీలోనే లేనని తాసీల్దారు రాసిచ్చాడు. మీ నాన్నేమో ఏమీ జరగలేదంటున్నాడు. ఇక ఆ బంట్రోతును పిలిపించి ప్రమాణం చేయించి అడగాలి. వాడి పేరేంటి?"

వీరవేణి తల దించుకుంది.

"తెలీదా?"

"తెలుసండి."

"తాసీల్దారు బెదిరించాడా?"

"లేదండి. ఆయనంటే నాకు భయం లేదు."

"మరి చెప్పమ్మా. పేరు లేకపోతే ఈ ఫిర్యాదు కొట్టేస్తారు," అన్నాడు పంతులు. ఈసారి దొర అడక్కుండానే అన్నాడు. "మళ్ళీ వినేవాళ్ళెవరూ రారు."

"దానికేం తెలీదండి బాబూ!" బుల్లియ్య వసారా మెట్ల మీద కూలబడ్డాడు. "నా వేళ్ళు పోతే పోయాయి. దాని బతుకు పాడుచెయ్యకండి!"

రేవు వైపు నుంచి పడవవాళ్ళ కేక వినబడింది. గుమాస్తా ఆఖరి పెట్టెకు తాడు బిగిస్తున్నాడు. వీరవేణి చెంగును వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. తండ్రి చేతుల వంక చూసింది.

దొర విసుగ్గా కలం అందుకుని ఏదో అన్నాడు.

"బంట్రోతు పేరు చెప్పలేదని రాసేస్తున్నారమ్మా," అన్నాడు జ్ఞానప్రకాశం.

"ఆగమనండి పంతులుగారూ!" వీరవేణి రెండడుగులు ముందుకొచ్చింది. "కొట్టెయ్యొద్దనండి. ఆ పేరు మా ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు, కనుక్కుని రాసుకోమనండి. కట్టుకున్నవాడి పేరు నేను నోటితో ఎలా చెప్పనండి?"