దుప్పట్లు ఉతికిన సాయంత్రం

"ఇదేం లిఫ్టయ్యా, కుక్కిన పేనులా పడుంది!" అంది వదిన.

"నీ బకెట్ బరువుకి దాని నడుం పట్టేసినట్టుంది వదినా," అన్నాడు మరిది, బటన్లున్న గోడకి వీపు ఆనించి.

తడి దుప్పట్ల బకెట్‌తో ముగ్గురూ అడుగు అంతస్తులో, బట్టలుతికే మిషన్ల గది పక్కనే లిఫ్ట్‌లో ఇరుక్కుపోయారు. వదిన, మరిది, వదిన కూతురు బుడంకాయ. తలుపు మూసుకుంది, లిఫ్ట్ ఒకసారి గుర్రుమంది, అంతే. చుట్టూ ఇనప గోడలు. ఒకరి ఊపిరి ఒకరి మొహానికి తగులుతోంది.

"ఇదంతా నీ నిర్వాకమే. ఉతికిన దుప్పట్లే మళ్లీ ఉతుకుదామని కిందికి లాక్కొచ్చావ్. చాలనట్టు ఇంకో మిషన్ తిప్పుతున్నావ్."

"రేపట్నుంచి నువ్వు ఉద్యోగస్తురాలివి. మాసిన దుప్పట్లో పడుకుని వెళ్తావా? మా ఇంటి పరువేం కావాలి?"

రేపటి మాట వినగానే వదిన మూసుకున్న తలుపుని రెండు చేతులా లాగి చూసింది. యుద్ధంలో మొగుణ్ణీ ఇంటినీ పోగొట్టుకుని ఈ ఊరు చేరాక ఆమెకి ముందు హోటల్లో పని దొరికింది. ఓ రోజు వీధిలో లారీ టైరు పేలింది. బాంబేననుకుని ఆమె మంచం కిందికి దూరింది. ఎంత బతిమాలినా రోజుల తరబడి బయటికి రాలేదు. పని పోయింది. ఎన్నో గడపలు తొక్కితే ఇప్పుడు కుట్టు కేంద్రంవాళ్లు రమ్మన్నారు. పొద్దున్నే రాకపోతే ఇంకొకర్ని చూసుకుంటామని ముందే చెప్పేశారు.

"తెల్లారేదాకా ఇక్కడే ఉండిపోతే?"

"ఉంటే ఏం? మన ఊళ్లో నేలమాళిగలో ఎన్నాళ్లు దాక్కోలేదు! అక్కడైతే ఎలుకలు మనల్ని అద్దె అడగటం ఒక్కటే తక్కువ."

బుడంకాయ కిసుక్కున నవ్వింది. వదిన నవ్వలేదు.

"మూసిపెడితే నాకు భయం లేదయ్యా. పైనుంచి ఏదన్నా పడుతుందేమోననే."

"లిఫ్టు మీద లిఫ్టు పడదులే వదినా!"

"బాబాయ్, తప్పుకో. బటన్లు నేను నొక్కుతా."

"ముట్టుకున్నావంటే షాక్ కొట్టి నీ జుట్టు చీపురైపోద్ది. అన్నీ నొక్కా. అన్నీ చచ్చాయి."

ఎక్కడో దబ్బుమంది. కూతురి భుజం మీద వదిన చెయ్యి బిగుసుకుంది.

"ఏంటది?"

"మిషన్లో మన దుప్పట్లు కుస్తీ పడుతున్నాయి," అంటూ మరిది బకెట్ బోర్లించి, దాన్ని చంకలో ఇరికించుకుని వాయించడం మొదలెట్టాడు. పైగా పాట! రాగమూ లేదు, తాళమూ లేదు. పెళ్లిలో వదిన తుమ్మితే పందిరి కూలిందట, అన్నయ్య పరిగెత్తాడట.

"సిగ్గులేదూ! మనుషులు ఇరుక్కుని చస్తుంటే కచేరీనా? అలారం నొక్కు!"

"అదీ చచ్చిందన్నాగా. నువ్వు కూడా అందుకో. గట్టిగా పాడితే ఎవరికన్నా వినబడుద్ది."

శరణార్థుల శిబిరంలో పంచదార డబ్బాలో ఉప్పు పోసి అందరిచేతా టీ తాగించినవాడితో ఎవరు వాదించగలరు? వేరే దారిలేక వదిన కూడా గొంతెత్తింది. బుడంకాయ గోడ మీద దరువేసింది. ఇనప పెట్టె మార్మోగిపోయింది. మరిది మొహమంతా చెమటలు కారుతున్నా బల్లిలా ఆ గోడకే అతుక్కుని ఉన్నాడు.

"కాసేపు కూర్చోవయ్యా, కాళ్లు పడిపోతాయి."

"నేను కూర్చుంటే మీరు నా నెత్తిన నిలబడాలి."

ముగ్గురి గొంతులూ బొంగురుపోయాక ఎవరో బయట తలుపు తట్టారు. వాచ్‌మన్.

"అయిపోయిందండీ!"

"హమ్మయ్య, రిపేరైందా?" అని అరిచింది వదిన.

"రిపేరేంటమ్మా? కొత్త వంతెన దగ్గర బాణసంచా. ఇంతసేపూ ఊరు దద్దరిల్లిపోయిందనుకోండి. పొద్దున మీ మరిదిగారికి చెప్పానే! అయిపోగానే వచ్చి తలుపు తట్టమన్నారు."

వదిన మరిది వైపు తిరిగింది.

లిఫ్ట్ ఆపే ఎర్ర బటన్ మీంచి మరిది వీపు తీశాడు.