మామాకోడళ్ల పడవ

"గట్టిగా పట్టుకోండి మామయ్యా, వదలొద్దు," అంది కోడలు.

ఆవిరి పెట్టెలోంచి అప్పుడే తీసిన పలక పొగలు కక్కుతోంది. వేడి తగ్గేలోగా దాన్ని పడవ ఒంపుకు తగ్గట్టు వంచి బిగించెయ్యాలి. ముందు కొసను ఆమె బిగించేసింది. వెనక కొస మామగారి చేతుల్లో ఉంది. ఆయన కుడిచేతి పట్టు జారింది. పలక ఎగిరిపడి ఫట్‌మని నడిమికి చీలింది.

షెడ్డులో అందరూ పనులాపి అటు చూశారు.

ఏటి ఒడ్డునున్న ఆ షెడ్డులో మేస్త్రి ప్రతి ఆదివారం చెక్కపడవలు కట్టడం నేర్పుతాడు. ఇద్దరిద్దరు జట్టుగా ఒక చిన్న పడవ కట్టాలి. స్నేహితులొస్తారు. భార్యాభర్తలూ వస్తారు, పడవ సగమయ్యేసరికి పోట్లాడుకుని మానేస్తారు. మామాకోడళ్లు కలిసి రావడం మాత్రం మేస్త్రి ఎన్నడూ చూడలేదు.

పెద్దాయన బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. పక్షవాతం వచ్చి తగ్గాక కుడిచేతిలో సగం బలమే మిగిలింది. కోడలికి మందుల షాపుంది.

"డాక్టరు రోజూ రబ్బరు బంతి నొక్కమన్నాడు. ఈయన దాన్ని సోఫా కింద దాచేస్తున్నారు," అని మొదటిరోజే మేస్త్రికి ఫిర్యాదు చేసింది. "చిన్నప్పట్నుంచీ పడవల పిచ్చి ఉందట. ఆ వంకనైనా చెయ్యి కదులుతుందని లాక్కొచ్చాను."

ఇద్దరికీ కీచులాడుకోకుండా పని సాగేది కాదు.

"చిత్రిక అలా పట్టావంటే పలక పళ్లపుల్లవుతుంది అమ్మాయ్."

"మీరు బస్సు తోలినట్టు తోస్తే పళ్లపుల్ల కూడా మిగలదు మామయ్యా."

పక్క పడవ కడుతున్న దర్జీ ఒకసారి నవ్వుతూ అడిగాడు. "ఈ మామగారిని ఎలా భరిస్తున్నావమ్మా?"

"భరించి తీరాలని రూలేం లేదు కదండీ. ఉంటే ఏనాడో పారిపోయేదాన్ని."

పెద్దాయన తలెత్తకుండానే ముసిముసిగా నవ్వుకున్నాడు.

మేస్త్రికి నచ్చింది ఆ మాటలు కాదు. ఆయన ఉలి పట్టుకుని తంటాలు పడుతుంటే ఆమె ఊరికే చూస్తూ నిలబడేది, చేతిలోంచి లాక్కునేది కాదు. రాగి మేకులు కొట్టేటప్పుడు సుత్తి ఆయనకిచ్చి, మేకు తన వేళ్లతో పట్టుకునేది. సుత్తి ఎటు పడుతుందో ఆయనకే తెలీదు. ఆమె వేలు మాత్రం వెనక్కి తీసుకునేది కాదు. రెండుసార్లు గోరు నల్లబడింది. ఆయన అడిగితే షాపులో తలుపు సందున పడిందని చెప్పి, మళ్లీ మేకు పట్టుకుంది.

ఇప్పుడీ పలక చీలింది.

"ఆ పొడుగుది ఇంకొక్కటే ఉంది," అన్నాడు మేస్త్రి ఇబ్బందిగా. "అదీ పోయిందంటే కొత్త కలప వచ్చేది వానలు వెలిశాకే, అందాకా మీ పడవ నీళ్లు చూడదు."

పెద్దాయన బయటికెళ్లి గట్టు మీద కూర్చున్నాడు. కోడలు వెళ్లి పక్కన చతికిలబడింది. రెండో పలకను తుడుస్తున్న మేస్త్రికి కిటికీలోంచి మాటలు వినిపించాయి.

"ఇంకెవరినైనా జట్టు చూసుకో అమ్మాయ్. నన్ను మొయ్యాల్సిన బాధ్యత నీకేముంది?"

"బాధ్యత అని ఎవరొస్తున్నారు? అలాగైతే ఆదివారం పూట హాయిగా పడుకునేదాన్ని."

"మరెందుకు?"

"ఇంటిల్లిపాదీ ఒకవైపు నిలబడిన రోజున మీరొక్కరే నా వైపు వచ్చారు. ఎందుకని నేనడిగానా?"

ఏ ఇంట్లో గొడవలుండవులే అనుకున్నాడు మేస్త్రి.

కాసేపటికి పెద్దాయన లోపలికొచ్చాడు. "స్టీరింగు మొరాయిస్తే చేతులతో తిరిగేది కాదు మేస్త్రీ. ఒళ్లంతా దాని మీద వేసేవాళ్లం. గోనెపట్టా ఉందా?"

గోనెపట్టా మడిచి భుజాన వేసుకున్నాడు. రెండో పలక ఆవిరి పెట్టెలోంచి వచ్చింది. ఆయన దాని కొసకు భుజం ఆన్చి, కాళ్లు నిలదొక్కుకుని, మొత్తం బరువు మోపాడు. పలక కిర్రుమంది. దర్జీ సాయానికి రాబోతే కోడలు చేత్తోనే వారించింది. పలక నెమ్మదిగా వంగింది, ఇంకా వంగింది, ఒంపుకు అతుక్కుపోయింది. ఆమె గబగబా బిగింపులు తిప్పేసింది. భుజం కమిలి ఎర్రబడినా పెద్దాయన ముఖం వెలిగిపోతోంది.

పడవ నీళ్లలోకి దిగిన రోజు ఎండ పల్చగా ఉంది. మొదట సందుల్లోంచి కాస్త నీరూరింది. చెక్క ఉబ్బాక అదీ ఆగిపోయింది. పెద్దాయన ఒక్కడే తెడ్లు పట్టుకుని కూర్చున్నాడు. ఎడమచేతి బలం ఎక్కువై పడవ గానుగెద్దులా గుండ్రంగా తిరిగింది. ఆయన ఆగాడు, ఊపిరి తీసుకున్నాడు, కుడి తెడ్డును ఇంకాస్త గట్టిగా లాగాడు. పడవ తిన్నగా సాగింది.

కోడలు కొంగుతో కళ్లొత్తుకుంది.

"కన్నకూతుళ్లు కూడా ఇలా చూసుకోరమ్మా," అన్నాడు పక్కనే నిలబడ్డ మేస్త్రి. "మీవారు అదృష్టవంతులు. ఒక్క ఆదివారమూ రాలేదుగానీ, ఇవాళైనా పిలవాల్సింది."

ఆమె పడవ మీంచి చూపు తిప్పలేదు.

"మాకు విడాకులై చాన్నాళ్లయిందండీ."