దారివ్వని లారీ

"అమ్మయ్య, దారిచ్చాడు" అన్నాడు వీరభద్రం.

ముందు పోతున్న లారీ ఎడమ ఇండికేటర్ మిణుకు మిణుకుమంటోంది.

ఒంగోలు రోడ్ల మీద ముందు లారీవాడు ఓవర్‌టేక్ చేసే వైపు లైటు వేశాడంటే, ఎదురు ఖాళీగా ఉంది, పోవచ్చన్నా అని చెప్పినట్టు. కెనడాలో ఓవర్‌టేక్ చేసేది ఎడమ నుంచి. వీరభద్రం కారుని ఎడమకి తిప్పాడు.

లారీ కూడా ఎడమకే వచ్చి, కారు ముందు నింపాదిగా కదలసాగింది.

"చూశావా సుధా, రమ్మని పిలిచి మొహాన తలుపేశాడు."

"వెనకే పోదాం లెండి. ఇదేం మీ శ్రీశైలం బస్సు కాదు" అంది భార్య సుధామయి.

వీరభద్రం ముప్పై ఒక్క ఏళ్ళు ఆర్టీసీ బస్సు తోలాడు. దోర్నాల నుంచి ఇంజను మీద నిండు టీ గ్లాసు పెట్టుకుని, చుక్క ఒలకకుండా ఘాట్ ఎక్కించేవాడినని చెబుతాడు. ఆ గ్లాసును చూసినవాళ్ళు మాత్రం ఇంతవరకు ఎవరూ దొరకలేదు. ఈ మధ్యే బ్రాంప్టన్‌లో కొడుకు దగ్గరికి వచ్చి, మొదటి పరీక్షకే ఇక్కడి లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు.

ఇప్పుడు విండ్సర్ పోతున్నారు. అక్కడ కూతురు అమృతకి మధ్యాహ్నం మూడింటికి ఆపరేషన్. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది. అల్లుడు రోహిత్ ఆఫీసు పని మీద రెజైనా వెళ్ళి, విమానాలు రద్దై అక్కడే ఇరుక్కున్నాడు. ఆస్పత్రిలో పిల్ల ఒక్కతే ఉంది.

వాన సాయంత్రం అన్నారు. అది పొద్దున్నే వుడ్‌స్టాక్ దగ్గర ఎదురొచ్చింది.

చూడటానికి మామూలు వానే. పడ్డచోట మాత్రం గాజై కూర్చుంటోంది. లండన్ దాటేసరికి (ఈ దేశానికీ ఒక లండన్ ఉంది లెండి) వైపర్లు రోకళ్ళలా లావెక్కాయి. కరెంటు తీగలు బరువుకి వేలాడుతున్నాయి. కొమ్మలు ఫెళఫెళ విరుగుతుంటే అద్దాలు మూసుకున్నా వినిపిస్తోంది.

ఈ లారీ తగులుకున్నది అక్కడే. వెనకంతా మంచు పేరుకుని, ఏం మోస్తోందో కూడా తెలియదు. నెత్తిన ఒక నీలం లైటు. నడక నలభై దాటదు.

"ముందొచ్చే చాతం ఊళ్ళో కరెంటు పోయిందిట" సుధామయి ఫోను చూస్తూ చెప్పింది.

"పోతే పోయింది. మనది పెట్రోలు బండి."

కాసేపటికి ఆవిడే, "తొమ్మిది" అంది.

"ఏమిటి తొమ్మిది?"

"పక్క గుంటలో పడ్డ కార్లు."

"వాళ్ళకి ఆర్టీసీ ట్రైనింగు లేదు."

అమృత ఫోను చేసింది. "నాన్నా, ఎక్కడిదాకా వచ్చారు?"

"వచ్చేస్తున్నాం తల్లీ. మా ముందొక మహారాజు ఊరేగుతున్నాడు. ఆయన పక్కకి జరగ్గానే నీ దగ్గరుంటాం."

"భయంగా ఉంది నాన్నా. అమ్మ లేకుండా లోపలికి వెళ్ళలేను."

ఫోను పెట్టగానే వీరభద్రం మళ్ళీ ఎడమకి పోబోయాడు. మళ్ళీ లారీ ఎడమ లైటు, మళ్ళీ అడ్డం. ఆ ఒక్క క్షణం స్టీరింగ్ చేతిలో వెన్నముద్దలా జారింది. కారు ఎటో చూసి, మళ్ళీ దారికొచ్చింది.

ఆ సంగతి ఆయన భార్యకి చెప్పలేదు. ఆవిడ కూడా తను సీటు గట్టిగా పట్టుకున్న సంగతి చెప్పలేదు.

రెండుంబావుకి విండ్సర్ పొలిమేరలో లారీ పక్క దారి పట్టింది.

వీరభద్రం అద్దం దించి, చెయ్యి బయటికి పెట్టి ఊపుతూ, ఆర్టీసీలో నేర్చుకున్న తిట్లలో మేలైనవి నాలుగు తిట్టాడు.

లారీవాడికి ఆ చెయ్యి వీడ్కోలులా కనపడింది కాబోలు. తనూ చెయ్యి ఊపి, రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళిపోయాడు.

అర కిలోమీటరు పోగానే ఒక పోలీసు కారు ఆపింది. ఆఫీసరు వంగి లోపలికి చూశాడు. సుధామయి ఇంగ్లీషు టీచరుగా రిటైరైంది కాబట్టి మాటలు ఆవిడే అందుకుంది.

"కంప్లైంటు రాసుకోమను" అన్నాడు వీరభద్రం. "నాలుగున్నర గంటలుగా దారివ్వలేదని చెప్పు."

ఆవిడ చెప్పింది. ఆఫీసరు చాలాసేపు మాట్లాడాడు. వింటున్నకొద్దీ సుధామయి ముఖం మారింది.

"ఏమంటాడు?"

"మన వెనక రోడ్డు ఎప్పుడో మూసేశారట. మనల్ని చూసుకోమని ఆ లారీ ఆయనే వైర్‌లెస్‌లో చెప్పాడట. అందుకే ఈయన ఇక్కడ కాచుకుని ఉన్నాడు. ఆస్పత్రి పది నిమిషాలేనట, తను ముందు పోతాడట."

"మరి లైటు వేసి అడ్డం రావడమెందుకు?"

"ఎడమ వరసంతా అద్దంలా గడ్డకట్టిందట. ఇక్కడ లైటు వేస్తే, నేనటు వస్తున్నాను, నువ్వు రావద్దని. అది రోడ్డు మీద మంచు కరగడానికి ఉప్పు చల్లే లారీ అటండీ."

వీరభద్రం వెనక అద్దంలోకి చూశాడు.

"సరేలే. ఉప్పు చల్లేవాడు మెల్లగానే పోతాడు. అది ఆయన డ్యూటీ."

సుధామయి పైటకొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఉప్పూ, డ్యూటీ రెండూ ఎనభై కిలోమీటర్ల వెనక చాతం దగ్గరే అయిపోయాయటండీ, వెనక మన కారొక్కటే కనపడితే, చల్లడానికి ఇంకేమీ లేక, ఇంత దూరం తనే అడ్డుగా వచ్చాడట."