అరుపులు ఆగిన ఇల్లు

“దవాఖానల నర్సు కొలువొచ్చింది. సోమవారం చేరమన్నరు,” అని మమత చెప్పగానే మహిధర్ కళ్లు మూసుకుని పదిదాకా లెక్కపెట్టాడు.

కోపాన్ని గెలవడమెలాగో చెప్పే పుస్తకం కొని, గీతలు గీసుకుంటూ చదివి, భార్య మీద రోజూ సాధన చేస్తున్నాడతను. నలభై రోజులుగా జహీరాబాద్‌లోని ఆ ఇంట్లో కేక వినపడలేదు. మొగుడు మారాడని మమత తల్లికి ఫోన్ చేసి మరీ మురిసిపోయింది.

లెక్క పూర్తయ్యాక అతను చిరునవ్వుతో చెయ్యి చాపాడు. “నీ ఫోనియ్యి.”

“ఎందుకు?”

“ఇగ నీకు దాంతోని పనిలేదు. కొలువు కాయితం గూడ తే.”

రెండూ తనే లాక్కున్నాడు. కాగితాన్ని తొందరపడకుండా నాలుగు ముక్కలు చేశాడు. “చూసినవా మమతా? జర గూడ గొంతు లేవలే. పుస్తకం మంచిగ పనిచేసింది.”

గేటుకు బయట తాళం వేసి, దుకాణానికి పోయాడు.

అరిచిన రోజుల్లో అతని కోపం గంటలో చల్లారేది. ఈ కోపం ఎన్నాళ్లుంటుందో మమతకు తెలియడం లేదు.

వంటింటి గడపలో అత్త మనోరమ నిలబడి ఉంది. “మీ మామ గూడ ఎన్నడు అరవలే బిడ్డా,” అంది మెల్లగా. “ముప్పై ఏండ్లు నన్ను గడప దాటనియ్యలే.”

ఆమె వెనక సందులోకి తెరుచుకునే పెరటి తలుపు తీసింది.

“ఝరాసంగం ఆటో దొరుకుతది. మీ అమ్మగారింటికి పో.”

“మరి నువ్వు, అత్తమ్మా?”

మనోరమ కోడలిని బయటికి నెట్టి, లోపల గడియ పెట్టుకుంది.